సేవచేసే చేతులకు రక్షణ

వైద్యుణ్ణి సాక్షాత్తు నారాయణునిగా భావించిన సంస్కృతి భారతీయులది. రోగి చెంత నిలిచి సేవచేసే నర్సును తల్లితో సమానంగా గౌరవించడం కూడా ఈ సమాజానికి అలవాటే. అయితే గౌరవం వేరు, రక్షణ వేరు. రోగికి మందు ఎక్కించిన సూది సేవకురాలి వేలికి గుచ్చుకున్నప్పుడు, శస్త్రచికిత్స వేళ రక్తం వైద్యుని కంటిలో చిందినప్పుడు వారికి ప్రశంసలకన్నా ముందు సత్వర చికిత్స అందాలి. అది అడగకుండానే అందే ఏర్పాటు ఉన్న ఆసుపత్రే నిజమైన ఆరోగ్యనిలయం.

ఈ ప్రమాదం నేటిది కాదు. 1847లో వియన్నా నగరంలో యాకబ్ కొలెచ్కా అనే వైద్యాచార్యుడు శవపరీక్ష చేయిస్తుండగా ఒక విద్యార్థి చేతిలోని కత్తి ఆయన వేలికి గుచ్చుకున్నది. ఆ చిన్న గాయమే కొద్దిరోజులలో ఆయన ప్రాణం తీసింది. మిత్రుడైన ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ ఆ మరణానికి సంబంధించిన వివరాలను శ్రద్ధగా పరిశీలించాడు. ప్రసూతి వార్డులో ఎందరో తల్లులను బలిగొంటున్న జ్వరానికీ, మిత్రుని మరణానికీ కారణం ఒకటేనని గ్రహించాడు. వైద్యులు క్లోరిన్ కలిసిన సున్నపు ద్రావణంతో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టాడు. తల్లుల మరణాలు గణనీయంగా తగ్గాయి. సేవకుని గాయాన్ని ఉపేక్షించకుండా పరిశీలిస్తే అది రోగులకు కూడా రక్షణ అవుతుందని ఈ ఘట్టం చాటుతున్నది.

సూదిగాయం ద్వారా హెచ్.ఐ.వి. సోకిన సంఘటన మొదటిసారిగా 1984లో బ్రిటన్ వైద్యపత్రికలో వెలువడింది. బాధితురాలు ఒక నర్సు. ప్రపంచంలోని మూడున్నర కోట్ల ఆరోగ్య సిబ్బందిలో ఏటా దాదాపు ముప్పై లక్షలమంది ఇటువంటి గాయాలకు గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో అంచనా వేసింది. హెచ్.ఐ.వి. ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే వ్యాధి సోకే అవకాశం వెయ్యింట మూడు మాత్రమే. హెపటైటిస్-బి విషయం అలా కాదు. టీకా వేయించుకోని వారిలో ఆ ముప్పు నూటికి 6 నుండి 30 వరకు ఉంటుంది. జనం ఎక్కువగా భయపడే వ్యాధికన్నా అంతగా పట్టించుకోని వ్యాధే ఇక్కడ పెద్ద శత్రువు.

ప్రమాదం జరిగిన వెంటనే చేయవలసిన పని సులభమైనదే. గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో కడగాలి. గాయపడిన వేలిని నోటిలో పెట్టుకోవడం, రక్తం పిండడం, ఘాటైన రసాయనాలు పూయడం కూడదు. కంటిలో చిందితే శుభ్రమైన నీటితో గాని, సెలైన్‌తో గాని బాగా కడగాలి. ఆ తరువాత క్షణం ఆలస్యం చేయక పై అధికారికి తెలపాలి. హెచ్.ఐ.వి. నిరోధక మందులు రెండు గంటలలోపు మొదలుపెట్టడం ఉత్తమం. 72 గంటలు దాటితే వాటివల్ల ప్రయోజనం ఉండదు. మొదలుపెట్టిన మందును 28 రోజులు మానకుండా వాడాలి. జిడోవుడిన్ అనే మందు వాడినవారిలో హెచ్.ఐ.వి. ముప్పు సుమారు 81 శాతం తగ్గినట్లు 1997లో ప్రచురితమైన అధ్యయనం వెల్లడించింది. నేడు అంతకన్నా మేలైన మందులు వచ్చాయి.

మందు ఉన్నది, మార్గం తెలుసు. అయినా ఎందరో మౌనం వహిస్తారు. అజాగ్రత్తపరురాలని నిందిస్తారన్న జంకు, ఉద్యోగం పోతుందన్న బెదురు, నలుగురూ వెలివేస్తారన్న అనుమానం వారి నోరు నొక్కుతాయి. గాయం సిబ్బంది అజాగ్రత్తవల్లనే జరుగుతుందని వాదించేవారు లేకపోలేదు. వాడిన సూదికి తిరిగి మూత పెట్టడం ప్రమాదకరమన్న మాట నిజమే. కాని నిండి పొర్లుతున్న సూదుల డబ్బాకు, విశ్రాంతి లేని రాత్రి విధులకు, పక్కదుప్పట్లలో మరచిన సూదికి బాధ్యులెవరు? ఆ దుప్పట్లను ఎత్తే ఆయాకు, చెత్త మోసే పారిశుద్ధ్య కార్మికునికి ఆ సూది ఏ రోగిదో కూడా తెలియదు. నింద భయంతో దాచిన గాయానికి ఆ విలువైన గంటలు తిరిగి రావు. కాబట్టి ప్రమాదాన్ని తెలిపినవారిని దండించక, అభినందించే వాతావరణం కల్పించడం యాజమాన్యాల మొదటి కర్తవ్యం.

ఇది దయాధర్మం కాదు, చట్టం విధించిన బాధ్యత. ఆసుపత్రి వ్యర్థాలను తాకే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలని 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాలు ఆదేశిస్తున్నాయి. ముప్పు ఉన్న సిబ్బంది అందరికీ జాగ్రత్త సాధనాలు, శిక్షణ, నిరోధక మందులు సమకూర్చాలని 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం నిర్దేశిస్తున్నది. టీకా ఖర్చును సాకుగా చూపే అవకాశం కూడా లేదు. 1997లోనే హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ దేశీయంగా హెపటైటిస్-బి టీకాను తయారుచేసి దానిని సామాన్యునికి అందుబాటులోకి తెచ్చింది. మూడు మోతాదుల టీకాతో తప్పే వ్యాధికి ఒక ఆయా బలికావడం అక్షరాలా అన్యాయం. చేతులు కాలాక ఆకులు పట్టుకునే ధోరణి ఇక్కడ పనికిరాదు.

సిబ్బంది రక్షణ పేరుతో రోగిని అవమానించడం మాత్రం తగదు. వ్యాధి ఉన్నదని మంచానికి చీటీ కట్టడం, చికిత్స నిరాకరించడం అమానుషం. ముఖం చూసి ఎవరి రక్తంలో ఏమున్నదో ఎవరూ చెప్పలేరు. కనుక ప్రతి రోగి విషయంలోనూ ఒకే విధమైన జాగ్రత్త పాటించడమే శాస్త్రీయం. ప్రమాదం జరిగినప్పుడు రోగికి విషయం వివరించి, అతని సమ్మతితో పరీక్ష చేయించి, ఫలితాన్ని గోప్యంగా ఉంచాలి. రోగి మర్యాద, సేవకుని ప్రాణం పరస్పర విరుద్ధాలు కావు.

నేటి కళాశాల విద్యార్థులలో కొందరు రేపు వైద్యులు, నర్సులు, ప్రయోగశాల నిపుణులు అవుతారు. మరికొందరు ఆసుపత్రులను నడిపే అధికారులవుతారు. తొలివారు గాయాన్ని దాచకుండా చెప్పడం నేర్వాలి. మలివారు ఆ మాటను ఆదరంగా వినడం నేర్వాలి. పరుల ప్రాణం కాపాడే చేతులను కాపాడుకోలేని సమాజం ఆరోగ్యవంతమైన సమాజం అనిపించుకోదు.