కూలింది గోడ మాత్రమే, వక్ఫ్ కాదు

1996 నవంబరు 6వ తేదీ రాత్రిని కోనసీమ ఇంకా మరువలేదు. కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన ఆ తుఫాను వెయ్యిమందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. అటువంటి రాత్రి గట్టి గోడలున్న కట్టడం ఎవరిదని ఎవరూ అడుగరు. తలుపు తెరచి ఉన్నదా అనియే చూస్తారు.

గౌతమీ వసిష్ఠల నడుమ నున్న ఈ లంకల సీమలో, వంతెనలు లేని కాలాన, పడవ దాటిపోయిన బాటసారికి సత్రమే దిక్కు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు ఆకలిగొన్నవారికి అన్నం పెట్టినదీ, మన పెద్దలు మసీదు పక్కన ముసాఫిర్‌ఖానాలు కట్టినదీ ఒకే ధర్మానికి రెండు రూపాలు. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో బాటసారిని కూడా ఖుర్ఆన్ చేర్చింది.

అట్టి కట్టడం వరదకో గాలికో కూలినప్పుడు జమాత్‌లో వినిపించే మొదటి మాట: “పాతది పోయింది, దుకాణాలు కట్టి అద్దెకిద్దాం.” మసీదుకు ఆదాయం అవసరమే, కాదనను. కాని దాత బాటసారి కొరకు అంకితం చేసిన స్థలాన్ని పూర్తిగా వ్యాపారానికి మళ్ళించే అధికారం మనకెక్కడిది? ఒకసారి వక్ఫ్ అయినది ఎల్లప్పుడూ వక్ఫేనని సయ్యద్ అలీ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. గోడ కూలినంత మాత్రాన అంకితం చెరిగిపోదు.

అయితే ఆ మాటను నిలబెట్టవలసినవి కాగితాలు. 2025 సవరణ చట్టం ‘వాడుక ద్వారా వక్ఫ్’ అనే మార్గాన్ని ఇకముందుకు మూసివేసింది. మన పక్షాన ఇంతకాలం సాక్ష్యం పలికినవి నిలిచి ఉన్న గోడలూ, జరుగుతున్న వాడుకా. రెండూ ఒక్క తుఫానుతో పోగలవు. కనుక కొలతలు, ఛాయాచిత్రాలు, రిజిస్టరు నకళ్ళు, పన్ను రసీదులు గాలివాన రాకముందే భద్రపరచుకోవాలి. శిథిలాలు తొలగించిన తరువాత వెదకితే దొరికేది ఖాళీ స్థలమూ, దానిపై కన్నేసినవారూ మాత్రమే.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. తరువాత జలాశయాలు, వైద్యశాల వచ్చాయి. ఆ పునర్నిర్మాణ యుగంలోనే, 1919లో, నాంపల్లి స్టేషను ఎదుట సరాయి వెలసింది. నగరాన్ని తిరిగి కట్టుకుంటున్నవారు పరదేశిని మరువలేదు. అదే సరాయి తదనంతరం ఆలనాపాలనా లేక శిథిలమైంది. వరదలో మిగిలినదానినీ నిర్లక్ష్యం మిగల్చదు.

కోనసీమలో పునర్నిర్మాణమంటే పాతదాన్ని తుడిచి కాంక్రీటు పోయడం కాదు. సున్నపు గోడపై సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచి ఇటుకను తినివేస్తుంది. నిలిచిన గోడను సున్నంతోనే బాగుచేయాలి. పునాది ఎత్తును వరదమట్టం చూచి నిర్ణయించాలి. ఇంజనీరు అనుమతిస్తే పై అంతస్తు వేసి, తుఫాను రోజున ఊరందరికీ, కులమతాలు అడుగకుండా, తెరవాలి. వీధివైపు రెండు గదులు అద్దెకిచ్చినా ఆ సొమ్ము మరమ్మతులకే చెందాలి. లెక్కలు జుమా నాడు జమాత్ ఎదుట చదవాలి.

ముతవల్లీలకూ యువకులకూ నా మనవి ఒక్కటే. వచ్చే తుఫానులోగా మీ ఊరి ముసాఫిర్‌ఖానాను ఒకసారి కొలవండి, దాని పత్రాలను ఒకసారి చదవండి. బాటసారి హక్కును కాపాడలేని జమాత్ తన హక్కులను ఏ ముఖంతో అడుగగలదు?