సిక్ లిస్టులో పెట్టి మరిచిపోవద్దు

మేము బళ్లో చదివింది తమిళం, తెలుగు మా అమ్మ దగ్గర నేర్చుకున్నది. రాతలో తప్పులుంటే మన్నించి, చెప్పే సంగతి మాత్రం మనసులో పెట్టుకోండి.

రైల్వేలో ఒక పద్ధతి ఉంది. ఒంట్లో బాగాలేనివాడి పేరు సిక్ లిస్టులో రాస్తారు. నయమయ్యాక డాక్టరు ఫిట్ సర్టిఫికెట్ ఇస్తే మళ్లీ డ్యూటీలో చేరతాడు. రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడ్డ మన ఆడవాళ్లకు మాత్రం ఆ రెండో కాగితం మనం ఇవ్వడం లేదు. ఎప్పటికీ సిక్ లిస్టులోనే కూర్చోబెడుతున్నాం. ప్రేమతోనే చేస్తున్నాం, కానీ చెరుపు చేస్తున్నాం.

ముందు మా తప్పే చెబుతాం. మా ఇంటావిడకు ఆపరేషను, కీమో, కరెంటు పెట్టడం అన్నీ ముగిసి నాలుగేళ్లయింది. ఇంటికి రాగానే "ఇక నువ్వు గ్లాసు కూడా ఎత్తొద్దు" అన్నాం. పలకరించడానికి వచ్చినవాళ్లు తలా ఒక మైసూర్‌పాకు డబ్బా తెచ్చారు. బలం రావాలని అన్నంలో నెయ్యి ధారగా పోశాం. ఏడాదిన్నరలో తొమ్మిది కిలోల బరువు పెరిగింది, షుగరూ వచ్చింది. చెకప్‌లో డాక్టరమ్మ ఆమెను ఏమీ అనలేదు. మా వైపు తిరిగి, "సార్, ఈమెను ఎవరు కూర్చోబెట్టారు?" అని అడిగింది. మేము తల వంచుకున్నాం.

ఆవిడ విడమరిచి చెప్పింది. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజన్ హార్మోను ముఖ్యంగా ఒంటి కొవ్వులోనే తయారవుతుంది. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఆ హార్మోనుతోనే పెరుగుతాయి. కొన్ని కీమో మందులు గుండెను, కొన్ని హార్మోను మాత్రలు ఎముకలను బలహీనం చేస్తాయి. దానికి తోడు షుగరు, బీపీ చేరితే క్యాన్సర్ నుంచి తప్పించుకున్న మనిషి గుండెజబ్బుకు చిక్కుతుంది. అందుకని వారానికి 150 నిమిషాలు, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు, చురుగ్గా నడవాలి. చెయ్యి వాస్తుందని భయపడి ఆపరేషను జరిగిన వైపు చేతిని కదపకుండా ఉంచకూడదు. డాక్టరు చెప్పిన వ్యాయామం కొంచెం కొంచెంగా పెంచుకోవాలి. తాంబూలంలో పొగాకు మానాలి, మద్యం అసలు వద్దు.

నడక మందుకు బదులు కాదు. హార్మోను మాత్రలు రాసిస్తే ఐదేళ్లు, కొందరికి పదేళ్లు వేసుకోవాలి. బాగానే ఉన్నాం కదా అని మధ్యలో ఆపకూడదు. ఇంజను డ్రైవరు ఎంత బాగా నడిపినా గడువుకు మెడికల్ పరీక్ష తప్పదు. ఏడాదికొక మామోగ్రామ్ కూడా అలాంటిదే.

"అంత బాధపడ్డ మనిషిని నడవమనడం జాలి లేనితనం" అంటారు కొందరు పెద్దలు. అలసట నిజమే. అలసిన రోజు పది నిమిషాలు చాలు. కానీ మా ఇంటావిడ గడప దాటనిది అలసటతో కాదు, వీధిలో అడిగే ప్రశ్నలకు భయపడి. "జుట్టు ఎందుకు పొట్టిగా ఉంది? మీ అమ్మాయికి కూడా వస్తుందా?" ఈ మాటలకు వెరచి, సంబంధాలు చెడతాయని జబ్బు పేరే దాచే ఇళ్లు మనలో ఉన్నాయి. వంశపారంపర్యంగా వచ్చేది నూటికి ఐదు నుంచి పది మందికే. దాచిన ఇంట్లో చెకప్‌కు వెళ్లడం కూడా దొంగతనంలా అయిపోతుంది.

చివరికి పక్కింటి వదిన చెప్పులేసుకుని వచ్చి, "రా, ఒక చుట్టు నడిచొద్దాం" అంటే మా ఇంటావిడ లేచింది. సంఘానికి మా విన్నపం కూడా అదే. పలకరించడానికి వెళ్తే స్వీటు డబ్బా వద్దు, నడకకు తోడు పిలవండి. ప్రశ్నలు తగ్గించండి. ఉగాది పనుల్లో ఆమెకూ ఒక పని అప్పగించండి.

ఇప్పుడు మా ఇంటావిడ పొద్దున్నే మైదానం చుట్టూ ఐదు చుట్లు నడుస్తుంది. మేము మూడో చుట్టుకే బెంచీ మీద కూలబడుతున్నాం. మా ఇంట్లో ఇప్పుడు సిక్ లిస్టులో ఉన్నది మేమే.