పంచనామా తరువాత

కార్తీకమాసం ఆదివారాల్లో బాపట్ల జిల్లా వాడరేవు ఒడ్డున ఇసుక వేస్తే రాలనంత జనం. సముద్ర స్నానానికి దిగినవాళ్లలో ఏ పిల్లవాణ్ణో అల లోపలికి లాగేస్తుంది. కేక వినబడగానే ముందు దూకేది పక్కన వల బాగుచేసుకుంటున్న మత్స్యకారుడు. వెనకే మెరైన్ పోలీసు, ఆ తర్వాత 108. మనిషి బతికితే చప్పట్లు, ఫొటోలు. లేకపోతే గాలింపు, పంచనామా, మార్చురీ. శవాన్ని కన్నవాళ్లకు అప్పగించాక అందరం ఇళ్లకు వెళ్లిపోతాం. ఆ పిల్లవాణ్ణి రెండు చేతుల మీద మోసుకొచ్చినవాడికి ఆ రాత్రి కన్ను మూతపడిందా అని ఎవరు అడుగుతున్నారు?

ఈ తీరానికి ఇది కొత్త బాధ కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది పోయారు. బాపట్లలో చర్చిలో తలదాచుకున్నవాళ్ల మీద ఆ కట్టడమే కూలింది. దివిసీమ పొలాల్లో రోజుల తరబడి శవాలు ఎత్తినవాళ్లకు బియ్యం ఇచ్చాం, బట్టలు ఇచ్చాం. వాళ్ల మనసుకు తగిలిన దెబ్బకు అప్పటికి పేరు కూడా లేదు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల గోడు విన్నాక, 1980లో గాని అమెరికా మనోవైద్యులు దాన్ని ఒక రుగ్మతగా తమ రోగనిర్ధారణ పుస్తకంలోకి ఎక్కించలేదు.

పేరు వచ్చి నాలుగు దశాబ్దాలు దాటినా మన దగ్గర వినిపించే మందు ఒకటే: 'రెండు పెగ్గులేసుకుని పడుకో, అదే పోతుంది.' పోదు. నిద్రలో అదే ముఖం కనబడుతుంది, ఇంట్లో పిల్లల మీద అకారణంగా చెయ్యి లేస్తుంది, ఆ ఒడ్డుకు వెళ్లాలంటే కాళ్లు రావు. అలాగని ఒక నిపుణుణ్ణి పిలిపించి, అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, జరిగిందంతా ఒక్కసారి చెప్పించి పంపేస్తే సరిపోతుందనుకోవడమూ పొరపాటే. జెఫ్రీ మిచెల్ అనే అమెరికా నిపుణుడు 1983లో వివరించిన ఇలాంటి పద్ధతి చాలా దేశాల్లో పాకింది. ఒక్కసారి మాట్లాడించి వదిలేస్తే రుగ్మత ఆగదనీ, కొందరికి కీడు కూడా జరగవచ్చనీ 2002లో వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సమీక్ష తేల్చింది. ముందుగా కావలసింది వేడి అన్నం, నిద్ర, అదే పని చేసి తట్టుకున్న తోటి మనిషి తోడు. నెల దాటినా పీడకలలు వదలకపోతే అప్పుడు శిక్షణ పొందిన వైద్యుడి చికిత్స.

ఇందులో ఖర్చుతో కూడినది ఏముంది? అడ్డంకి మన డ్యూటీ చార్టులో ఉంది. 2019లో రాష్ట్రంలో పోలీసులకు వారానికో రోజు సెలవు ప్రకటించారు. సిబ్బంది కొరత, బందోబస్తుల ఒత్తిడిలో అది నిలబడలేదు. 108 పైలట్ ఒక శవాన్ని దించి, వాహనం కడుక్కుని, మరో కాల్‌కు బయలుదేరుతాడు. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు 14416 నంబరులో ఎవరైనా ఫోన్ చేయవచ్చు. కానీ ఫోన్ చేసిన సంగతి స్టేషన్‌లో తెలిస్తే 'మెంటల్' అన్న ముద్ర పడుతుందని కానిస్టేబుల్ భయం. ఆ భయం పోవాలంటే, చికిత్స తీసుకున్న విషయం సర్వీసు రికార్డుకు ఎక్కదని జిల్లా ఎస్పీ రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. మరణం చూసిన మర్నాటి విశ్రాంతిని దయతలచి ఇచ్చే సెలవుగా కాక, డ్యూటీగానే లెక్కించాలి.

నన్ను ఎక్కువ కలచివేసేది గజ ఈతగాళ్లుగా ముందు దూకే మత్స్యకారుల పరిస్థితి. వాళ్లకు జీతం లేదు, సెలవు అడగడానికి పై అధికారీ లేడు. గాలింపుకు పోయిన రోజు వేట పోతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటప్పుడు పడవలు, వలలు పోగొట్టుకునేదీ వీళ్లే.

కార్తీక పౌర్ణమికి ముందు ఏటా బందోబస్తు ఉత్తర్వు తయారవుతుంది. ఏ పాయింటులో ఎవరు, ఏ షిఫ్టు, ఏ జీపు అన్నీ అందులో ఉంటాయి. ఈసారి ఆ కాగితంలోనే ఈతగాళ్ల పేర్లు, వాళ్ల రోజుకూలి, శవం తీసినవాళ్లకు మర్నాడు బదులు వచ్చేది ఎవరో కూడా రాయండి.