కలిసిపోతుందన్న భరోసా

కూరగాయల కొట్టులో ఇచ్చే కవరు మీద ఈమధ్య ఆకుపచ్చ అక్షరాల్లో 'మట్టిలో కలిసిపోతుంది' అని కనిపిస్తోంది. అది చదవగానే, ఇంట్లోంచి గుడ్డసంచి తెచ్చుకోలేదే అన్న బాధ కాస్త తగ్గుతుంది. నిజంగా అంతగా తగ్గాల్సినదేనా?

ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయంలో ఇమోజెన్ నాపర్, రిచర్డ్ థాంప్సన్ ఇలాంటి సంచులను మామూలు ప్లాస్టిక్ సంచులతో పాటు పరీక్షకు పెట్టారు. కొన్నిటిని మట్టిలో పాతారు, కొన్నిటిని సముద్రంలో ముంచారు, ఇంకొన్నిటిని ఆరుబయట ఉంచారు. 2019లో ఫలితాలు చెప్పారు. 'బయోడీగ్రేడబుల్' అని ముద్రించిన సంచి మూడేళ్లు మట్టిలో ఉండి వచ్చాక కూడా సరుకులు మోయగలిగింది! 'కంపోస్టబుల్' సంచి నయమే. సముద్రంలో మూడు నెలలకే కనబడకుండా పోయింది. మట్టిలో మాత్రం రెండేళ్లు దాటినా మిగిలే ఉంది, కాకపోతే బరువు పెడితే చిరిగిపోయింది.

కారణం ఆ పదార్థంలోనే ఉంది. మొక్కజొన్న పిండి నుంచి తీసే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ వంటివి విడిపోవాలంటే తేమ, గాలి, సూక్ష్మజీవులతో పాటు దాదాపు 60 డిగ్రీల వేడి రోజుల తరబడి నిలవాలి. కంపోస్టు కర్మాగారంలో అది కుదురుతుంది. రోడ్డు పక్క కాలవలో కుదరదు. పోనీ, సీసాల ప్లాస్టిక్‌తో కలిపి కరిగిద్దామా అంటే ఆ సరుకునూ పాడుచేస్తుంది.

మరి రీసైక్లింగ్ సంగతి? వీధిలోకి వచ్చే పాత సామాన్లాయన చేతులను గమనిస్తే చాలు. నీళ్ల సీసా తీసుకుంటాడు, విరిగిన బకెట్ తీసుకుంటాడు. చిప్స్ ప్యాకెట్, షాంపూ సాచెట్ వైపు చూడనైనా చూడడు. ఆయన్ని తప్పుపట్టలేం. ఆ సాచెట్‌లో రెండు మూడు రకాల పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, వాటిని విడదీసే ఖర్చుకు తగిన ధర ఎవరూ ఇవ్వరు. ఆయన తీసుకున్న సీసా కూడా చాలాసార్లు మళ్లీ సీసా కాదు, దారం అవుతుంది. ఆ దారంతో నేసిన బట్ట చిరిగాక దాన్ని కొనేవాళ్లుండరు. కరిగించిన ప్రతిసారీ ప్లాస్టిక్ కొంత సత్తువ కోల్పోతుంది. 2015 వరకు ప్రపంచంలో పోగైన ప్లాస్టిక్ చెత్త సుమారు 630 కోట్ల టన్నులు. అందులో రీసైకిల్ అయింది 9 శాతం. ఆ తొమ్మిదిలోనూ ఒకసారికి మించి తిరిగి వాడుకలోకి వచ్చింది పదో వంతే. ఎండలో చిత్తుకాగితాలు ఏరే ఆడవాళ్ల కష్టం ఈ 9 శాతం వెనక ఉందని తలుచుకుంటే, ఆ అంకెను చిన్నచూపు చూడబుద్ధి కాదు. కానీ మిగతా తొంభై ఒకటినీ వాళ్ల నెత్తినే పెట్టి మనం నిశ్చింతగా ఉండడం న్యాయం కాదు.

తిరుమలలో లడ్డూల కోసం 2021లో డీఆర్‌డీవో హైదరాబాద్ ప్రయోగశాల తయారుచేసిన మొక్కజొన్న పిండి సంచులు ప్రవేశపెట్టారు. 90 రోజుల్లో కలిసిపోతాయన్నారు. మంచి ప్రయత్నం, అందులో సందేహం లేదు. కానీ లడ్డూతో పాటు ఆ సంచి కొండ దిగుతుంది. కర్నూలులోనో కరీంనగర్‌లోనో ఇరుగుపొరుగుకు ప్రసాదం పంచాక అదీ అన్ని కవర్లతో పాటే చెత్తబుట్టలో పడుతుంది. అక్కడ దాన్ని వేరుచేసి, తగిన వేడిలో కుళ్లబెట్టే ఏర్పాటు ఎన్ని ఊళ్లలో ఉంది?

అదే కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు వద్దన్నాక గాజు సీసాలు వచ్చాయి. నీళ్ల ధరతో పాటు సీసాకు డిపాజిట్ కట్టాలి, ఖాళీ సీసా తిరిగిస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. మనకిది కొత్తేం కాదు. గోలీసోడా తాగి సీసా అక్కడే ఇచ్చి వచ్చేవాళ్లం. పెళ్లి పంక్తిలో అడ్డాకు విస్తరి పెరట్లో పశువుల ముందుకు వెళ్లేది. కిరాణా కొట్టుకు నూనె కోసం పంపేటప్పుడు అమ్మ సీసా కడిగి, ఆరబెట్టి చేతికిచ్చేది. దారిలో పగలగొట్టొద్దని రెండుసార్లు చెప్పేది.