బేజుబాన్‌కి హవా ఎక్కడి నుంచి?



డాలస్‌లో ఉండే మా ఆపా కొడుక్కి పాములంటే షౌక్. కార్న్ స్నేక్ పిల్లను కొనిమ్మని ఆర్నెల్లు జిద్ చేశాడు. ఆపా "తౌబా తౌబా" అంటూ నాకు ఫోన్ చేసింది. నేను వద్దనలేదు. "ముందు డబ్బా సరిగ్గా తయారు చెయ్యమను, ఆ తర్వాతే పాము" అన్నాను. నా రాయ్ ఇప్పటికీ అదే.

అమెరికాలో చాలామంది పాముల్ని మూతున్న ప్లాస్టిక్ డబ్బాల్లో పెంచుతారు. అందులో తప్పేం లేదు. కడగడం ఆసాన్, వెచ్చదనం నిలుస్తుంది, పాముకి చాటు దొరికినట్టుంటుంది. కానీ ఆ డబ్బా బట్టలు, దుప్పట్లు దాచడానికి చేసింది. అందులో ఒక జాన్ సాన్స్ తీసుకోవాలని తయారుచేసినవాడు అనుకోలేదు. ఆ ఫిక్ర్ పెంచేవాడిదే.

రంధ్రాలు పెట్టడం చిన్న పనే, ఎహతియాత్ మాత్రం కావాలి. మూతకి కాదు, పక్క గోడలకి, ఎదురెదురుగా పెట్టాలి. అప్పుడే హవా ఇటు నుంచి అటు ఆడుతుంది, పైన ఏదైనా పెట్టినా మూసుకుపోదు. సోల్డరింగ్ ఐరన్‌తో అయితే ఆరుబయట చెయ్యాలి, కరిగే ప్లాస్టిక్ పొగ పీల్చకూడదు. గాజులా పెళుసుగా ఉండే డబ్బా డ్రిల్లుకి పగులుతుంది. వెనక చెక్క ముక్క పెట్టి నెమ్మదిగా తొలవాలి. ఏదైనా లోపలి నుంచి బయటికే పొడవాలి, గరుకు అంచు బయటే ఉండాలి. పాము దారి వెతుక్కుంటూ గోడకి మూతి రాస్తుంది, లోపల గరుకుంటే జఖమ్ అవుతుంది. పిల్ల పాము పెన్సిలంత సన్నం. రంధ్రం దాని తలకన్నా బాగా చిన్నగా ఉండాలి.

"ఎన్ని పెట్టాలి మామూ?" అని వాడడిగాడు. ఆ సవాల్‌కి లెక్క జవాబు కాదు. పాముకి మనలా డయాఫ్రమ్ ఉండదు, కఫాన్ని దగ్గి బయటికి తోసెయ్యడం దానికి ముష్కిల్. హవా ఆడని తడి డబ్బాలో ఊపిరితిత్తులకి రోగం పట్టొచ్చు. నోరు తెరిచి సాన్స్ తీస్తుంది, ముక్కు దగ్గర బుడగలొస్తాయి. అప్పుడిక జంతువుల డాక్టరే దిక్కు. అలాగని జల్లెడ చేసినా జుల్మే. బాల్ పైథాన్‌కి గాలిలో కాస్త ఎక్కువ తేమ కావాలి. మరీ పొడిగా ఉంటే కుబుసం ముక్కలుముక్కలుగా ఊడుతుంది. అందుకే మొదట కొన్నే పెట్టి, తేమ కొలిచే మీటర్ చూస్తూ పెంచుకోవాలి. రోజంతా గోడలకి నీటిచుక్కలు నిలిస్తే ఇంకొన్ని పెట్టాలి. రంధ్రం పెంచడం తేలిక, పూడ్చడం కష్టం.

డబ్బాలో పెంచడమే ఖైద్ కదా అంటారు కొందరు. ఆ మాట కొట్టిపారేసేది కాదు. రంధ్రాలు పెట్టినంత మాత్రాన డబ్బా ఘర్ అయిపోదు. పాము ఒళ్లు సాగదీసుకునేంత జాగా, దాక్కునే చోటు, నీళ్ల గిన్నె, ఒక వైపు వెచ్చన, ఒక వైపు చల్లన ఉండాలి. పాము పెరిగితే డబ్బా మారాలి. ఇంత చెయ్యలేనివాళ్లు షౌక్ మానుకోవడమే రహమ్.

మన దగ్గరి బచ్చాలకి ఒక మాట. ఇది చదివి చేలో దొరికిన పాముని డబ్బాలో వెయ్యకండి. నాగుపాము, జెర్రిపోతు 1972 వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి, పట్టి పెంచితే నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ పాములకీ 2024 నియమాల ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

అమ్మీ అబ్బాలకి నా మష్వరా ఒక్కటే. పిల్లాడు అడగ్గానే కాదనకండి, హా అని కూడా అనకండి. ఖాళీ డబ్బా తెచ్చివ్వండి. వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని రంధ్రాలు చేయించండి. ఒక వారం ఖాళీ డబ్బానే నడిపించి, రోజూ వేడి, తేమ రాయమనండి. ఏడు రోజులూ విసుగులేకుండా రాసినవాడికి బేజుబాన్ జాన్వర్‌ని అమానత్‌గా ఇవ్వొచ్చు. మూడో రోజుకే మరిచిపోతే పోయింది ఒక డబ్బానే, ఒక జాన్ కాదు.