జ్వరమొస్తే కూలి ఎవరిస్తారు?

2021 ఏప్రిల్‌లో 45 ఏళ్లు దాటినవాళ్లందరికీ కోవిడ్ టీకా మొదలైంది. నూజివీడు తోటల్లో బంగినపల్లి, రసాలు కోతకొచ్చేదీ సరిగ్గా అప్పుడే. టీకాకు వెనకాడినవాళ్లను మూఢులని తీసిపారేయడం పట్నం వాళ్లకు తేలిక. ఒకటి రెండు రోజులు ఒళ్లునొప్పులు, జ్వరం రావచ్చని సూది వేసే నర్సమ్మే చెబుతుంది. చిక్కం కట్టిన గెడ ఎత్తి పొద్దస్తమానం కాయ కోసేవాడికి జబ్బ సలిపితే ఆ పూట కూలి పోయినట్టే. సీజన్ చూస్తే రెండు మూడు నెలలు. ఇందులో అజ్ఞానం కన్నా లెక్కే ఎక్కువ. అలాగని పుకార్లు, భయాలు లేవనను. కరోనాను తగ్గిస్తుందని రుజువు లేకపోయినా, ఆ మే నెలలో కృష్ణపట్నంలో ఆనందయ్య అనే ఆయన పంచిన నాటుమందుకు వేలమంది ఎగబడ్డారు (ఆసుపత్రిలో మంచం దొరకని రోజులు, ఎవర్నని ఏం లాభం?). రెండో వేవ్ చూశాక జనం మనసు మారింది. జూన్ 20న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరోజే 13 లక్షలకు పైగా డోసులు వేశారు. టీవీ ప్రకటనలకు కదలనివాళ్లు కూడా, తమ పిల్లలకు పోలియో చుక్కలు వేసిన ఏఎన్ఎం గడపలోకొచ్చి పిలిస్తే కాదనలేకపోయారనే నేననుకుంటాను. మళ్లీ ఇలాంటిదొస్తే టీకాతోపాటు రెండు రోజుల కూలీ చేతిలో పెట్టమంటాను, కోతల కాలంలో అయితే మరీనూ.