వార్నింగ్ లైటు వెలిగితే నాన్నకు చెబుతాడా?

అమెరికాలో పదహారేళ్ల కొడుక్కి కొత్తగా వచ్చిన స్పోర్ట్స్ కారు లీజుకు తీసుకోవాలనుకునే మన తండ్రులందరూ ఇంజిన్ గురించే ఆరా తీస్తారు. తప్పు లేదు. 2022 టయోటా జీఆర్86లో సీలెంట్ ముక్కలు ఊడి ఆయిల్ పీల్చుకునే జల్లెడకు అడ్డం పడుతున్నాయని కొన్నవాళ్లు కొందరు ఆయిల్ పాన్ విప్పి మరీ ఫొటోలు చూపించారు. కానీ డబ్బు వరకూ చూస్తే లీజే దానికి విరుగుడు. మామూలు వారంటీ మూడేళ్లు లేదా 36,000 మైళ్లు, ఇంజిన్‌కైతే అయిదేళ్లు లేదా 60,000 మైళ్లు. మూడేళ్ల లీజు అందులో ఇమిడిపోతుంది, నచ్చకపోతే గడువు తీరాక తాళాలిచ్చేసి రావచ్చు. నా భయం వేరు. తొలి బ్యాచ్ కారులో లోపం ముందుగా తెలిసేది స్టీరింగ్ పట్టుకున్నవాడికే. ఆయిల్ ప్రెషర్ లైటు ఒక్క క్షణం వెలిగి ఆరినా ఆ కబురు ఇంటికి చేరాలి. మన ఇళ్లలో చేరుతుందా? చెబితే "ఎంత స్పీడులో పోయావురా?" అని అడుగుతాం, ఆ వెంటనే తాళాలు లాక్కుంటాం. అందుకని వాడు పాట సౌండు పెంచి ఊరుకుంటాడు (ఆ వయసులో నేనైనా అంతే). రీకాల్ ఉత్తరం సంగతీ ఇంతే. కారు లీజు కంపెనీ పేరున ఉంటుంది గనక ముందు అక్కడికే వెళ్తుంది. చట్టప్రకారం వాళ్లు పది రోజుల్లో పంపేది సంతకం పెట్టిన తండ్రికి, నడిపేవాడికి కాదు. పైగా వారంటీ తయారీ లోపానికే గానీ, లైటు చూసీ నడిపిన అలక్ష్యానికి వర్తించదు. చెడు కబురు తిట్లు తినకుండా భోజనాల బల్ల దాకా రాగలిగే ఇల్లయితే, తొలి బ్యాచ్ అయినా సరే, నిశ్చింతగా సంతకం పెట్టండి. కాదంటారా, పాత కరోలా చాలు.